డ్రోన్‌ని తెలుగులో ఏమందాం? శ్రుతా, హోరా, ఝుంకారమా?

ప్రశ్న:
డార్క్ యాంబియెంట్ ఆల్బమ్ పరిచయానికి ఈ వాక్యం ఎంత దిద్దినా కుదరడం లేదు: "నిరంతరాయమైన శ్రుతి, ప్రతిధ్వనుల నడుమ భయానక వాతావరణాన్ని సృష్టించే చీకటి పరిసర సంగీతం." డ్రోన్‌కి, అంటే ఈ సంగీతంలో ఆగకుండా సాగే మోతకి, శ్రుతి అని వాడాను. సరైనదేనా?

జవాబు:
శ్రుతి వద్దండి. తంబూరా శ్రుతి పాడేవారికి ఆధారం, దాని మీద స్వరం నిలబడాలి. ఈ సంగీతంలో ఆ మోత మీద నిలబడేది ఏదీ ఉండదు, అదే మొత్తం. శ్రుతి అనగానే చదివేవారు పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తారు.

నా ఓటు "హోరు"కి. శంఖం చెవి దగ్గర పెట్టుకుంటే వినపడేది హోరే కదా. అది శంఖంలో పుట్టింది కాదు. చుట్టూ ఉన్న చప్పుళ్లలో తన బోలుకు సరిపడే పౌనఃపున్యాలను శంఖం పెంచి వినిపిస్తుంది. నిశ్శబ్దమైన గదిలో ఆ హోరు దాదాపు ఉండదు. యాంబియెంట్ (చుట్టూ ఆవరించి ఉన్నది) అన్న మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకదు.

జవాబు:
హోరు అంటే పెద్ద చప్పుడు కాదూ? హోరుగాలి, హోరున వాన. డ్రోన్ చాలాసార్లు వినీ వినపడనట్టు ఉంటుంది. అసలు డ్రోన్ అంటే పోతుటీగ. ఎగిరే యంత్రానికీ, ఈ మోతకూ పేరు అక్కడి నుంచే. ఆ లెక్కన ఝుంకారం అనాలి.

జవాబు:
ఝుంకారంలో తుమ్మెద ఉంది, పూలున్నాయి, వసంతం ఉంది. చీకటి సంగీతానికి పనికిరాదు! పైగా ఆ మాట వినగానే సన్నని, పైస్థాయి శబ్దం తోస్తుంది. ఇక్కడ మోత 40 నుంచి 80 హెర్ట్జ్ మధ్య, మంద్రానికీ అడుగున ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో వింటే ఆ భాగమంతా ఎగిరిపోయి పైన గాలి శబ్దం మాత్రమే మిగులుతుంది. "ఇందులో ఏముంది" అనేవాళ్లలో సగం మంది అలా విన్నవాళ్లే.

హోరు పెద్దదే కానక్కర్లేదు, "దూరపు హోరు" అంటే చాలు. ఇంకో కారణం కూడా ఉంది. హోరులో హెచ్చుతగ్గులుంటాయి. ఈ డ్రోన్ కూడా కదలకుండా ఉండదు. 55 హెర్ట్జ్ స్వరం పక్కన 55.2 హెర్ట్జ్‌ది పెడితే 5 సెకన్లకోసారి ఉబ్బి తగ్గుతుంది. భౌతికశాస్త్రంలో విస్పందనాలంటారు. రెండూ కచ్చితంగా 55 దగ్గరే ఉంటే ఫ్రిజ్ మోతలా చచ్చిపడి ఉంటుంది.

అడిగినవారు:
హోరు ఖాయం. మరి ప్రతిధ్వని?

జవాబు:
అదీ మార్చండి. ప్రతిధ్వని అంటే అన్న మాట విడిగా తిరిగి రావడం. అందుకు దాదాపు 0.1 సెకను ఎడం కావాలి, అంటే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. అంతకంటే దగ్గరి గోడల నుంచి వేలకొద్దీ ప్రతిఫలనాలు ఒకదాని మీదొకటి పడి విడదీయలేని తోకగా సాగితే అది రివర్బ్. దీనికి "అనురణనం" ఉంది. సంగీతరత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో స్వరాన్ని నిర్వచిస్తూ "అనురణనాత్మకః" అన్నాడు. అక్కడ అది స్వరం వెంట సాగే స్నిగ్ధమైన మోగుడు, గది గుణం కాదు. అయినా మాట అతుకుతుంది.

ఈ సంగీతంలో ఆ తోక 10, 20 సెకన్లు కూడా సాగుతుంది. రివర్బ్‌లోకి పంపేముందు 150 హెర్ట్జ్ కింది భాగాన్ని కోయకపోతే తోకలు పేరుకుపోయి అంతా బురదవుతుంది. విన్నవారు దాన్ని "లోతు" అనుకోరు, "ముద్ద" అంటారు. అదీ మంచి మాటే, విమర్శకు దాచుకోండి.

జవాబు:
"భయానక" గురించి ఎవరూ మాట్లాడలేదేం? భయానక రసానికి ఆలంబనం కావాలి, పులో దయ్యమో కళ్లెదుట ఉండాలి. ఈ ఆల్బమ్‌లు చేసే పనే ఆ ఆలంబనాన్ని దాచేయడం. తలుపు కిర్రుమంటుంది, ఎవరూ రారు. కారణం తెలియని భయానికి మన మాట గుబులు. దిగులు కాదు సుమా, దిగులుకు కారణం తెలుసు.

జవాబు:
చీకటి కూడా ఏ చీకటో చూసుకోండి. మునిచీకటిలో ఆకారాలు ఇంకా తెలుస్తాయి, కాబట్టి దూరపు గొంతులూ గంటలూ వినపడే ఆల్బమ్‌కి అది సరిపోతుంది. హోరు తప్ప ఏమీ లేనిదానికి చిమ్మచీకటి. "పరిసర సంగీతం" మాత్రం పర్యావరణ శాఖ ప్రకటనలా ఉంది, యాంబియెంట్ అనే ఉంచేయండి.

అడిగినవారు:
అయితే ఇలా: "దూరపు హోరు, తెగని అనురణనం. మునిచీకటిలా ముసురుకునే గుబులు."

జవాబు:
"తెగని" తీసేయండి. అనురణనం తెగితేనే కదా గుబులు పుట్టేది.