మా ఆయనది బ్యాటరీ పని, పిల్లల కోసం చూస్తున్నాం. సీసం టెస్టు చేయించుకోవాలా?

పటమట కోడలు:
అందరికీ నమస్తే. మా ఆయన ఆటోనగర్‌లో సీసం ఉండే పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే షాపులో చేస్తారు. సాయంత్రం అదే చొక్కాతో ఇంటికొస్తారు, జేబు మడతల్లో బూడిద రంగు పొడి ఉంటుంది, నేనేమో అన్ని బట్టలతో కలిపే నానబెడతాను. నిరుడు మూడో నెలలో గర్భం పోయింది. థైరాయిడ్, షుగర్, స్కానింగ్ అన్నీ బాగానే ఉన్నాయన్నారు. సీసం సంగతి అడిగితే "పనిచేసేది ఆయన కదా, మీకెందుకు టెన్షన్" అన్నారు డాక్టరు గారు. మా అత్తగారు గర్భసంచికి బలమని ఎవరి దగ్గరో భస్మం పొట్లాలు తెప్పించారు, ఇంకా మొదలుపెట్టలేదు. ఏం చేయమంటారు?

ల్యాబ్ అక్క, మంగళగిరి:
అమ్మా, ముందు ఆ పొట్లాలు పక్కన పెట్టెయ్. ఆయుర్వేదం మొత్తాన్ని తప్పు పట్టడం లేదు, కానీ నాగభస్మం అంటే సీసంతో చేసిందే, పేరూ ఊరూ లేని పొట్లంలో ఏముందో ఎవరికి తెలుసు? 2011–12లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా తేలింది, ఆ ఆరుగురూ మన దేశపు ఆయుర్వేద మందులు వాడినవాళ్ళే.

ఇక టెస్టు. చీటీ మీద "బ్లడ్ లెడ్ లెవెల్" (అంటే రక్తంలో సీసం ఎంతుందో) అని రాయించుకుని ఇద్దరూ చేయించుకోండి, చేతి నరం నుంచి తీసిన రక్తంతోనే, జుట్టు పరీక్షలంటూ ఎవరైనా చెప్తే డబ్బు దండగ. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉన్నా, దాటినా సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకన్నా తక్కువుంటే ఫర్వాలేదనీ కాదు, ఇంతవరకు భయం లేదు అనే అంకె సీసానికి లేదు.

నిరుడు జరిగింది దీనివల్లేనని నేను చెప్పలేను, గర్భం పోవడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ సీసం ఎక్కువైతే గర్భస్రావం, గర్భంలో బీపీ, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు తగ్గడం లాంటివి వచ్చే అవకాశం పెరుగుతుంది. పెద్దవాళ్ళ ఒంట్లో చేరిన సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లోనే ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. కడుపులో బిడ్డకు కాల్షియం కావాల్సి వచ్చి తల్లి ఎముక కరిగినప్పుడు అదీ రక్తంలోకి వచ్చి, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. అందుకే కడుపు పండకముందే చూసుకోవాలి. హిమోగ్లోబిన్ కూడా చూపించుకో, ఐరన్, కాల్షియం తక్కువున్న ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీలుస్తుంది.

గుంటూరు వదిన:
మా ఇంట్లోనూ ఇదే పని చెల్లీ. మీకెందుకు అన్నారంటే నాకు ఒళ్ళు మండింది, ఆ పొడి చొక్కా మీద, చెప్పుల మీద, బండి సీటు మీద ఎక్కి ఇంట్లోకే వస్తుంది కదా. షాపులోనే స్నానం చేసి వేరే బట్టలు కట్టుకుని రమ్మను. పని బట్టలు దులపకుండా విడిగా ఉతుకు. ఇల్లు పొడి చీపురుతో ఊడిస్తే ఆ దుమ్మంతా లేస్తుంది, తడిగుడ్డ పెట్టు. చేతులు సబ్బుతో కడగకుండా టీ, బీడీ ముట్టకూడదు. మగవాళ్ళ వీర్యకణాలకూ సీసం చెరుపే, అత్తగారికి ఆ మాట కూడా చెప్పు, అంతా నీ గర్భసంచి మీదే పెట్టకుండా.

దుగ్గిరాల తమ్ముడు:
వంటిల్లు కూడా చూడండి అక్కా. పాత తుక్కు కరిగించి పోసిన సత్తు గిన్నెల్లో, సీసం కలిపిన కళాయి పూసిన ఇత్తడి గిన్నెల్లో పులుసు కాస్తే సీసం దిగుతుంది, స్టీలుకు మారండి. మాది పసుపు యార్డు ఉన్న ఊరు కాబట్టి చెప్తున్నా, మరీ మెరిసిపోయే విడి పసుపు కొనకండి, రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపేవాళ్ళుంటారు. కొమ్ములు కొని ఆడించుకోండి, కొమ్ముల మీద కూడా రంగు పూస్తారు కాబట్టి తెలిసిన రైతు దగ్గరైతే మేలు. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఫిట్స్‌తో పడిపోతే రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది, అప్పుడు నాలుగు రోజులు మాట్లాడుకుని మళ్ళీ అందరం మర్చిపోయాం.

పటమట కోడలు:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఒకవేళ ఎక్కువొస్తే ఎంతకాలం ఆగాలి అక్కా?

ల్యాబ్ అక్క, మంగళగిరి:
సీసం ఇంటికి రావడం ఆగిపోతే రక్తంలోది దాదాపు నెలకు సగం తగ్గుతుంది, ఎముకల్లోంచి కొంచెం కొంచెం వస్తుంది కాబట్టి తర్వాత నెమ్మదిస్తుంది. మళ్ళీ టెస్టు చేయించి, ఆ రెండు రిపోర్టులూ పెట్టుకుని గైనకాలజిస్టుతో మాట్లాడు. సీసం దించే మందు సొంతంగా మాత్రం వాడొద్దు, అది బాగా ఎక్కువున్నవాళ్ళకు డాక్టరు దగ్గరుండి ఇచ్చేది.