సైలెన్సర్ టిప్ బోల్టులతో బిగిస్తే నిలుస్తుందా, వెల్డింగే చేయించాలా?

అందరికీ నమస్తే. కారు వెనక సైలెన్సర్ పైపు చివర తుప్పు పట్టి అసహ్యంగా కనిపిస్తోంది, దాని మీద స్టీల్ టిప్ (పైపు చివర కనిపించే గొట్టం లాంటి తొడుగు) తొడిగిద్దామనుకుంటున్నా. సౌండ్ మారాలని కాదు, అందం కోసమే. పైపు బయటి వ్యాసం 48 మి.మీ. ఉంది, నాకు నచ్చిన టిప్ లోపలి వ్యాసం 63. అంత తేడా ఉంటే మూడు బోల్టులతో బిగించినా సరిగ్గా మధ్యలో నిలుస్తుందా, గతుకుల్లో వదులై గలగలమంటుందా? వెల్డింగ్ గట్టిదే గానీ మళ్లీ తీయాలంటే కోయాల్సిందే, అందుకే మనసు బోల్టుల వైపే ఉంది.

ఇంకో చిక్కు, పైపు చివర కాస్త కిందికి వంగి ఉంది. నేరుగా ఉండే టిప్ పెడితే అదీ కిందికే వాలుతుంది కదా, అలాంటి పైపుకి మీరు ఏ రకం వాడారు?

అసలు టెన్షన్ బంపర్ గురించి. సైలెన్సర్ రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడుతూ ఊగుతుంది, వేడికి సాగుతుంది కూడా, మరి టిప్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య ఎంత ఖాళీ వదిలితే కరగకుండా ఉంటుంది? క్రోమ్ పూత పెచ్చులూడుతుందని 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ టిప్ చూస్తున్నా, బోల్టులూ అదే రకం వేయాలా? ఫొటోలుంటే పెట్టండి, ప్లీజ్.