సాయంత్రపు డిన్నర్ క్రూజ్: పారిస్, బుడాపెస్ట్, ఇస్తాంబుల్‌లలో దేనిని ఎంచుకోవాలి?

ప్రశ్న

జూన్ రెండో వారంలో మేము పారిస్‌లో దిగి, బుడాపెస్ట్ మీదుగా ఇస్తాంబుల్ చేరి, అక్కడ తిరుగు విమానం ఎక్కుతాము. మొత్తం ఐదుగురం: మేమిద్దరం, పదేళ్ల మా అమ్మాయి, మా అత్తగారు, మామగారు. మూడు నగరాల్లోనూ సాయంత్రం పూట భోజనం పెట్టి, సంగీతమో నృత్యమో ఏర్పాటు చేసే పడవలున్నాయి. మాకున్న సమయాన్ని బట్టి ఒక్కచోట మాత్రమే ఎక్కగలం.

ప్రకటనలన్నీ చదివాను. ప్రతి పడవా మరపురాని సాయంత్రాన్నే వాగ్దానం చేస్తోంది కానీ, ఒకదానికీ మరొకదానికీ తేడా ఏమిటో వాటిలో ఎక్కడా కనబడలేదు. మామగారికి ఇది మొదటి విదేశీ ప్రయాణం. దీపాల వెలుగులో నగరాన్ని నీటి మీద నుంచి చూడాలని ఆయన కోరిక. అమ్మాయికి నృత్యమంటే ప్రాణం. తెల్లటి అంగీలు విచ్చుకునేలా గిరగిరా తిరిగే సూఫీల నృత్యాన్ని ఇస్తాంబుల్‌లో పడవ మీదే చూడవచ్చని ఎక్కడో చదివి, ఆశ పెట్టుకుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయి, పెద్ద శబ్దాలను ఎక్కువసేపు భరించలేరు. ఈ ముగ్గురిలో ఎవరినీ నిరుత్సాహపరచకుండా ఏ నగరాన్ని, ఎటువంటి పడవను ఎంచుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం 1

మీరు చూడదలచుకున్నది తీరాన్నా, వేదికనా అన్నది ముందుగా తేల్చుకోండి. రెండూ ఒకే టికెట్‌లో దొరుకుతాయని ప్రకటనలు చెబుతాయి, అది అబద్ధమూ కాదు. కానీ మనిషి ఒక సమయంలో ఒకవైపే చూడగలడు. వేదిక పడవ లోపల ఉంటుంది, నగరం బయట ఉంటుంది. నర్తకులు వచ్చిన పావుగంటలోనే ఏదో గొప్ప భవనం కిటికీ పక్క నుంచి వెళ్లిపోతుంది, ఎవరూ తల తిప్పరు. నేను మొదటిసారి ఎక్కిన పడవలో నాకు జరిగింది అదే. తిరిగి వచ్చాక ఫొటోలు చూసుకుంటే నగరం ఒక్కదానిలోనూ లేదు.

ఈ లెక్కన మూడు నగరాల పడవల స్వభావాలూ వేరు. పారిస్‌లో సెన్ నది మీద వంతెనలు చాలా దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి కింద నుంచి దూరాలి కాబట్టి పడవలు ఎత్తు తక్కువగా, పొడవుగా, గాజు కప్పుతో ఉంటాయి. నృత్య ప్రదర్శనలకు అందులో చోటుండదు, ఒక గాయని, ఒక వయొలినో పియానోనో ఉంటాయి. అక్కడ తీరమే ప్రధానం, సంగీతం దానికి తోడు. ఇస్తాంబుల్ పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. బోస్ఫరస్ నది కాదు, నల్ల సముద్రాన్నీ మర్మరా సముద్రాన్నీ కలిపే సుమారు 30 కిలోమీటర్ల జలసంధి. అక్కడి పడవలు పెద్దవి, లోపల హాలు, మధ్యలో వేదిక, వరుసగా జానపద నృత్యాలు, బెల్లీ డాన్స్, చివరికి ప్రయాణికులందరినీ లేపి ఆడించే పాటలు ఉంటాయి. బుడాపెస్ట్ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. అక్కడ పియానో కచేరీ మాత్రమే ఉండే పడవలూ ఉన్నాయి, హంగరీ జానపద నృత్యాలున్న పడవలూ ఉన్నాయి.

ఇక సూర్యాస్తమయం గురించి. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, మీ మామగారి కోరిక మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. జూన్ రెండో వారంలో పారిస్‌లో సూర్యుడు రాత్రి సుమారు 9:50కి గాని అస్తమించడు. బుడాపెస్ట్‌లో సుమారు 8:40కే అస్తమిస్తాడు. రెండు నగరాల గడియారాలూ ఒకటే అయినప్పటికీ, బుడాపెస్ట్ దాదాపు 17 డిగ్రీల రేఖాంశం తూర్పున ఉండడం వల్ల గంటకు పైగా తేడా వస్తుంది. ఐఫిల్ టవర్ చీకటి పడ్డాక ప్రతి గంట మొదట్లో ఐదు నిమిషాల పాటు 20,000 బల్బులతో మిలమిల మెరుస్తుంది. దాని కోసమే చాలామంది సెన్ మీద పడవ ఎక్కుతారు. అయితే జూన్‌లో ఎనిమిదిన్నరకు బయలుదేరి పదిన్నరకు రేవు చేరే పడవలో కూర్చుంటే ఆ మెరుపులు మీకు అందకపోవచ్చు. ఆరున్నర పడవలోనైతే భోజనం మొదలు నుంచి చివరి వరకు పట్టపగలే. డిసెంబరులో ఇదే నగరంలో ఐదు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు ఈ చిక్కే లేదు.

మీరు వెళ్లే వారానికి బుడాపెస్ట్‌ను నేను గట్టిగా సూచిస్తాను. రాత్రి ఎనిమిది ప్రాంతంలో బయలుదేరితే సగం ప్రయాణం సంధ్య వెలుగులో, సగం దీపాల వెలుగులో సాగుతుంది. ఒక ఒడ్డున 96 మీటర్ల ఎత్తున్న పార్లమెంటు భవనం, ఎదుటి ఒడ్డున కొండ మీద బుడా కోట, మధ్యలో 1849లో ప్రారంభమైన చైన్ బ్రిడ్జి, అన్నీ నీటిని ఆనుకునే ఉంటాయి కాబట్టి కూర్చున్న చోటు నుంచే కనబడతాయి. పడవ వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది గనుక, వెళ్లేటప్పుడు మీ కిటికీకి ఒక ఒడ్డు, వచ్చేటప్పుడు రెండో ఒడ్డు దక్కుతాయి. ఏ వైపు కూర్చోవాలన్న బెంగ అక్కర్లేదు.

కిటికీ గురించి ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. చీకటి పడ్డాక లోపలి దీపాలు అద్దంలో ప్రతిఫలించి, బయటి నగరానికి బదులు మీ బల్ల, మీ ముఖాలే కనబడతాయి. అందుచేత భోజనం మధ్యలో బయటి డెక్ మీదికి వెళ్లి నిలబడడానికి వీలుందో లేదో అడిగి తెలుసుకున్న తరువాతే టికెట్ తీసుకోండి.

సమాధానం 2

నేను ఇరవై ఏళ్లుగా వేదికల మీద వయొలిన్ వాయిస్తున్నాను, కొంతకాలం పడవల మీద కూడా వాయించాను. పైన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, తీరమే ముఖ్యమనుకుని వినోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దని మనవి. పడవ మీద సంగీతం బాగుంటే ఆ సాయంత్రం జీవితాంతం గుర్తుంటుంది. బాగా లేకపోతే తప్పించుకుని వెళ్లే దారి ఉండదు, రెండు గంటల పాటు చుట్టూ నీరే.

పడవ హాలు కప్పు ఎత్తు తక్కువ. గోడలు గాజువి, నేల గట్టిది. అటువంటి చోట స్పీకర్ల శబ్దం ఎటూ పోలేక తిరిగి తిరిగి చెవిలోనే పడుతుంది. పియానో, వయొలిన్ వంటి వాద్యాలు మైకు లేకుండానో, స్వల్పంగా పెంచిన శబ్దంతోనో ఉంటే మీ అత్తగారు హాయిగా వినగలుగుతారు. రికార్డు చేసిన సంగీతానికి నృత్యం చేసే పడవ అయితే ఆ హాయి దొరకదు. ‘లైవ్’ అని రాసిన ప్రతిచోటా వాద్యకారులు ఉంటారని అనుకోకండి. ముందే రికార్డు చేసిన వాద్యగోష్ఠికి ఒక్క గాయకుడు గొంతు కలపడాన్ని కూడా అదే మాటతో అమ్ముతారు. ఎంతమంది వాద్యకారులు ఉంటారు, ఏయే వాద్యాలు వాయిస్తారు, ప్రదర్శన మొత్తం ఎంతసేపు అని రాతపూర్వకంగా అడగండి. నిజంగా కళాకారులను పెట్టుకున్నవారు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబిస్తారు. బల్ల కేటాయించేటప్పుడు స్పీకర్లకు దూరంగా, వేదికకు ఏటవాలుగా ఉన్నది కోరండి.

బుడాపెస్ట్‌లో సింబలమ్ ఉన్న బృందం దొరికితే వదులుకోకండి. అది మన సంతూర్‌కు దగ్గరి బంధువు, రెండు చిన్న పుల్లలతో తీగలను కొడుతూ వాయిస్తారు. ఆ వేగాన్ని ఒకసారి కళ్లారా చూస్తే మీ అమ్మాయి తల తిప్పదు. చార్దాష్ అనే వారి నృత్యం నెమ్మదిగా మొదలై అడుగడుగునా వేగం అందుకుంటుంది, కథ తెలియకపోయినా పిల్లలు లీనమైపోతారు.

సూఫీ నృత్యం విషయంలో మాత్రం నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. మెవ్లెవీ అనే సూఫీ శాఖవారు గిరగిరా తిరుగుతూ చేసే ఆ నృత్యాన్ని సమా అంటారు. అది వినోదం కోసం పుట్టినది కాదు, ఉపాసన. యునెస్కో దానిని 2008లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వేణువు పలికే తీరు, పై అంగీ తొలగించే క్రమం, కుడి అరచేయి పైకీ ఎడమ అరచేయి కిందికీ తిప్పడం, ప్రతిదానికీ అర్థం ఉంది. పడవ మీద దానిని కొద్ది నిమిషాలకు కుదించి, చుట్టూ కత్తులు చెంచాలు చప్పుడవుతుండగా, తరువాతి అంశం బెల్లీ డాన్స్ అని ప్రకటిస్తూ చూపిస్తారు. ఆ కళాకారుల శ్రమను తక్కువ చేయడం లేదు, వారి నైపుణ్యం నిజమైనదే. కానీ పదేళ్ల పాప దానిని మొదటిసారి చూడవలసిన చోటు అది కాదు. ఇస్తాంబుల్‌లోనే 1491లో స్థాపించిన గలతా మెవ్లెవీ మందిరం ఇప్పుడు మ్యూజియంగా ఉంది. సమా కోసమే ప్రత్యేకించిన సభలు నగరంలో వేరేగా జరుగుతాయి. ఒక గంట నిశ్శబ్దంగా కూర్చుని చూడండి. అందుకు పడవ అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సమా గురించి చదివాక మా అమ్మాయికి కూడా వివరించాను. అది ప్రార్థన అని తెలియగానే, తానే పడవ మీద వద్దంది. ఇక బుడాపెస్ట్ వైపే మొగ్గుతున్నాము. అయితే మామగారు 2019లో అక్కడ జరిగిన పడవ ప్రమాదం గురించి ఎక్కడో చదివి కొంచెం జంకుతున్నారు. ఆయనకు ధైర్యం చెప్పాలంటే మేము దేనిని చూసుకోవాలి?

సమాధానం 3

మామగారి జంకును కొట్టిపారేయకండి, అది సమంజసమైనదే. 2019 మే 29 రాత్రి జోరు వానలో మార్గరెట్ వంతెన వద్ద ఒక పెద్ద నదీ విహార నౌక వెనుక నుంచి ఢీకొనడంతో చిన్న పర్యాటక పడవ క్షణాల్లో మునిగిపోయింది. అందులోని 35 మందిలో ఏడుగురే బతికారు; ప్రాణాలు కోల్పోయినవారిలో అత్యధికులు దక్షిణ కొరియా నుంచి వచ్చిన పర్యాటకులు. ప్రయాణికుల ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. ఆ ఋతువులో నది ఉధృతంగా ఉండడం వల్ల గాలింపు కూడా కష్టమైంది.

బుడాపెస్ట్ నడుమ పారే డాన్యూబ్ నది మీద ప్రతి సాయంత్రమూ ఎన్నో పడవలు ఏ కీడూ లేకుండా తిరిగి వస్తాయి. అయినా మీ చేతిలో ఉన్న జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. బుకింగ్ చేసేటప్పుడే, భారీ వర్షం పడినా నది పొంగినా ప్రయాణాన్ని రద్దు చేసి డబ్బు వాపసు ఇస్తారో, తేదీ మారుస్తారో చదవండి. ఈ షరతు స్పష్టంగా రాయని సంస్థను నేను ఎంచుకోను. జూన్ మొదటి రోజుల్లో డాన్యూబ్ పొంగడం కొత్త కాదు. 2013 జూన్‌లో బుడాపెస్ట్ వద్ద నీటిమట్టం 891 సెంటీమీటర్లకు చేరి రికార్డు నెలకొల్పింది. ఒడ్డు వెంబడి రోడ్లు, రేవులు నీట మునిగాయి. కాబట్టి నగరంలో మీ మొదటి సాయంత్రానికే పడవ పెట్టుకోండి. ఏదైనా అడ్డం వస్తే మరునాడు మిగిలి ఉంటుంది.

ఎక్కిన వెంటనే, భోజనం రాకముందే, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో సిబ్బందిని అడగండి. పిల్లల సైజువి ఉన్నాయో లేదో విడిగా అడగండి. మీ బల్ల నుంచి బయటి డెక్‌కు దారి ఎటో అమ్మాయికి చూపించండి. ఇందుకు రెండు నిమిషాలు చాలు, మామగారి మనసు కూడా కుదుటపడుతుంది.

మోకాళ్ల విషయంలో, రేవు నుంచి పడవలోకి వేసే వాలు పలక నీటిమట్టాన్ని బట్టి ఒక్కోరోజు నిటారుగా ఉంటుందని గుర్తుంచుకోండి. మా అమ్మగారితో వెళ్లినప్పుడు మేము ఈ సంగతి అడగలేదు. రేవు దగ్గరికి దిగే రాతి మెట్లను చూసి ఆవిడ అక్కడే ఆగిపోయారు. సిబ్బంది మర్యాదగానే సాయం చేశారు గానీ, ఆ పావుగంట ఆవిడ పడిన సంకోచం చూసి నాకు చాలా బాధ కలిగింది. అందుచేత రోడ్డు నుంచి బల్ల వరకు ఎన్ని మెట్లున్నాయి, మరుగుదొడ్డి భోజనశాల ఉన్న అంతస్తులోనే ఉందా అని ముందే ఉత్తరం రాసి అడగండి. పై అంతస్తు అందంగా కనబడుతుంది గానీ, మీ అత్తగారికి కింది అంతస్తులో, పడవ మధ్యభాగంలో ఉన్న బల్లే మంచిది. కుదుపు అక్కడే అన్నింటికన్నా తక్కువ.

సమాధానం 1 రాసినవారి మరో మాట

ఒక చిన్న చేర్పు. పడవ ఎవరి కోసమూ ఆగదు. ఒకే సంస్థకు ఒకటికి మించి రేవులు ఉండవచ్చు, టికెట్ మీద ఉన్న రేవు పేరు, సంఖ్య చూసుకుని అరగంట ముందుగా చేరండి. శాకాహారులైతే ఆ సంగతి బుకింగ్ రోజునే తెలియజేయండి, బల్ల దగ్గర చెబితే ఆలస్యమైపోతుంది. నీటి మీద పడవ వేగానికి గాలి తోడై జూన్‌లో కూడా చలి వేస్తుంది, పెద్దవారికి శాలువాలు పట్టుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఈరోజు నాలుగు సంస్థలకు ఉత్తరాలు రాశాను: వాద్యకారులు ఎందరు, మెట్లు ఎన్ని, భోజనం మధ్యలో బయటి డెక్ మీదికి వెళ్లవచ్చా, నది పొంగితే ఏం చేస్తారు. ఇద్దరు జవాబిచ్చారు. వారిలో ఒకరు, తమ బృందంలో సింబలమ్ ఉందనీ, రేవు దగ్గర మెట్లకు బదులు వాలు దారి ఉందనీ, పిల్లల లైఫ్ జాకెట్లు భోజనశాల ద్వారం పక్కనే ఉంటాయనీ వివరంగా రాశారు. ఆ జవాబును మామగారికి చదివి వినిపించాను. ఆయన మొదటి సాయంత్రం ఎనిమిది గంటల పడవకే ఐదు టికెట్లు తీసుకోమన్నారు.