అప్‌డేట్: సిగరెట్ అలవాటు లేదని చెప్పి చేరిన గోడౌన్ కుర్రాడి విషయం

కావలిలో మా పెయింట్ల షాపు గోడౌన్‌లో చేరేటప్పుడు సిగరెట్ అలవాటు లేదన్న కుర్రాడు పెయింట్ పలచన చేసే థిన్నర్ డబ్బాల వెనక కాలుస్తూ దొరికాడని, పనిలోంచి తీసేయాలా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తీసేయలేదు. విడిగా కూర్చోబెట్టి అడగమన్న సలహానే పనిచేసింది. "నిజం చెప్తే పని ఇవ్వరనుకున్నానన్నా" అన్నాడు. ఫైర్ స్టేషన్ ఆయన వచ్చి చూసి, థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది, నిప్పు దూరంగా ఉన్నా అంటుకోవచ్చు అని చెబుతుంటే వాడి మొహం పాలిపోయింది. ఇప్పుడు లైటర్, అగ్గిపెట్టె గేటు దగ్గరే పెట్టి లోపలికి రావాలి, ఓనరైనా సరే. కాగితం మీద రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాను. సిగరెట్ తాగుతున్నాడో లేదో తేల్చడానికి రక్తపరీక్ష చేయించాలా అన్న చర్చ అవసరమే పడలేదు. సిగరెట్ మానడానికి సాయం చేసే 1800-11-2356 ఉచిత నంబర్‌కి వాడే ఫోన్ చేసుకున్నాడు. ఇంకా పూర్తిగా మానలేదు.