38 ఏళ్ళ వయసులో ఆటిజం పరీక్ష: ఇంగ్లండ్‌లో ఎలా మొదలుపెట్టాలండీ?

సఖినేటిపల్లి నుంచి బర్మింగ్‌హామ్ వచ్చి ఐదు నెలలైందండీ. మా బాబుకి ఇండియాలోనే ఆటిజం అని తేలింది. వాడి గురించి డాక్టరు అడిగిన ప్రశ్నలు ఒక్కోటీ నన్నే అడుగుతున్నట్టు అనిపించింది. ఇక్కడ పెద్దవాళ్ళకి చూస్తారా? వీసా మీద ఉన్నాం, డబ్బు కట్టాలా? ఇంట్లో చెబితే నవ్వుతున్నారు.

జవాబు:
తమ్ముడుగారూ, మాది అంబాజీపేట దగ్గర. నాకు 43 ఏళ్ళకి తేలింది, కాబట్టి మీరేమీ ఆలస్యం కాలేదు. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి కట్టారుగా, అందులోనే ఇదీ వస్తుంది. జీపీ (మీరు పేరు నమోదు చేసుకున్న ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్ళేముందు ఏక్యూ-10 అనే పది ప్రశ్నల కాగితం నింపి పట్టుకెళ్ళండి. 6 గానీ అంతకు మించి గానీ వస్తే పూర్తి పరీక్షకి పంపే సంగతి చూస్తారు. "టెన్షన్‌గా ఉంటోందండీ" అని మాత్రం మొదలుపెట్టకండి. నేను అలా అనే ఆరు నెలలు మాత్రలు మింగాను. ఆటిజం పరీక్ష కావాలని సూటిగా అడగండి.

జీపీ పంపిన మూడు నెలల్లో పరీక్ష మొదలుపెట్టాలని నైస్ (ఇక్కడ వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ) చెబుతుంది గానీ, చాలాచోట్ల ఏళ్ళే పడుతోంది. ఇంగ్లండ్‌లో ఉన్నారు గనక 'రైట్ టు చూజ్' అడగండి. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఒప్పందం ఉన్న వేరే సంస్థకి రాస్తారు, మీ చేతి చమురు వదలదు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. చిన్నప్పుడు మీరెలా ఉండేవారో తెలిసినవాళ్ళతో మాట్లాడతామంటారు. నేను గబుక్కున అమ్మ నంబరు ఇచ్చేశాను. వీడియో కాల్‌కి పట్టుచీర కట్టుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది. ఏమడిగినా "ఆయ్, మా అమ్మాయి బంగారమండీ, ఎవరి జోలికీ వెళ్ళేది కాదండీ" అనే. స్నేహితులుండేవారా అంటే "ఊరంతా స్నేహితులేనండీ" అంది. కూతురి మీద మచ్చ పడకూడదని ఆవిడ తాపత్రయం. ఆ పూట కాల్ దండగైంది.

రెండో కాల్‌కి ముందు నేనే ఫోన్ చేశాను. నాలో తేడా ఏమైనా ఉండేదా అని అడగలేదు. "కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్తే ఏం చేసేదాన్నమ్మా?" అన్నాను. అంతే! "దేవుళ్ళని మోసుకొచ్చే ప్రభలు కౌశిక ఏరు దాటుతుంటే జనమంతా అటు పరిగెడితే, నువ్వు బాణసంచా మోతకి చెవులు మూసుకుని నాన్న పంచెలో తల దూర్చేదానివి. ఇంటికొచ్చాక రెండు రోజులు మాటే ఉండేది కాదు." ఇక ఆగలేదు. కంచం మారిస్తే అన్నం ముట్టేదాన్ని కాదట. కొబ్బరి దింపు రోజున కాయలన్నీ ముచ్చికలు పైకొచ్చేలా వరసలు పేర్చేదాన్నట, ఎవరైనా ఒకటి కదిపితే మళ్ళీ మొదటినుంచీ. అమ్మకి అదో ముచ్చట. పరీక్ష చేసినావిడ మాత్రం అర పేజీ రాసుకుంది.

కళ్ళలోకి చూస్తారా అని కూడా అడుగుతారు. పెద్దల ముందు తల దించుకోవడం మనకి మర్యాద కదా. అందుకని ఈడు పిల్లలతో ఎలా ఉండేవారో విడిగా చెప్పించండి.

ఊళ్ళో ఇన్నేళ్ళు ఎందుకు బయటపడలేదో నాకిప్పుడు తెలుస్తోంది. "భోజనాలయ్యాయాండీ?", "ఎప్పుడొచ్చారండీ?", ఎవరితో ఏమనాలో అన్నీ ఖాయం. ఇక్కడ ఆఫీసులో టీ కాగేలోపు ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పరు. నేను చతికిలబడింది సరిగ్గా అక్కడే.

తేలాక మందేమీ ఉండదండీ. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ఉంది గనక ఆఫీసులో కొన్ని సర్దుబాట్లు అడగొచ్చు. నాకు మూల సీటు, మీటింగుకి ముందే ఎజెండా ఇచ్చారు. ప్రాణానికి హాయిగా ఉంది.

ఇంకొకరు:
మాది నరసాపురం, ఉండేది కార్డిఫ్. వేల్స్‌లో ఆ 'రైట్ టు చూజ్' లేదండీ, ఇటు మారే ఆలోచన ఉంటే చూసుకోండి. మా అమ్మ లేదు, మా అక్క మాట్లాడింది. చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయినా పరీక్ష ఆగదు.

అడిగినవారు:
అక్కా, ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. రేవులో గోదావరి దాటించే పంటు ఎప్పుడొచ్చిందీ ఎప్పుడెళ్ళిందీ రోజూ నోట్‌బుక్కులో రాసేవాణ్ణట. అది ఇంకా అటక మీదే ఉందంది. ఫోటో తీసి పంపమన్నాను.