రొయ్యల గుంటల స్టార్టప్ బోర్డులో గుంట దిగిన మనిషి ఒక్కడైనా ఉండాలా, అక్కర్లేదా?

విడవలూరు రైతు

అందరికీ నమస్కారం. మా మేనల్లుడు, వాడి ఇంజనీరింగ్ స్నేహితుడు కలిసి నాలుగేళ్ళ కిందట నెల్లూరులో కంపెనీ పెట్టారు. రొయ్యల గుంటలో దించే పరికరం ఒకటి తయారు చేశారు. నీళ్ళలో ఆక్సిజన్, పీహెచ్, వేడి కొలిచి ఫోనుకు పంపుతుంది. ఆక్సిజన్ పడిపోతే అర్ధరాత్రయినా అలారం మోగుతుంది. పిల్లలిద్దరూ కష్టపడే రకం, అందులో నాకు అనుమానం లేదు. ఇప్పుడు కంపెనీ పెంచడానికి డబ్బు సేకరిస్తున్నారు. తెలిసినవాళ్ళం కూడా కొంత పెట్టమన్నారు. పది లక్షలు పెడదామనుకున్నాను. కాగితాలు పంపించారు. అన్నీ చదువుకుంటూ వచ్చి డైరెక్టర్ల బోర్డు పేజీ దగ్గర ఆగిపోయాను.

మొత్తం ఐదుగురు. మావాళ్ళిద్దరు. మూడో ఆయన పెద్ద హోదాలో రిటైరైన ప్రభుత్వ అధికారి. నాలుగో ఆయన హైదరాబాదులో ఒక ఐటీ కంపెనీలో వైస్ ప్రెసిడెంట్‌గా చేశారు. ఐదో ఆయన పెట్టుబడి పెట్టిన ఫండ్ తరఫు మనిషి, ఎంబీఏ. ఎక్కడ చదివారో, ఏ పదవులు చేశారో ఒక్కొక్కరికీ ఒక పేరా రాశారు. గుంట గట్టు మీద నిలబడినవాళ్ళు ఒక్కరూ లేరు. లెక్కలు చూసే మనిషీ లేడు.

ఇది నాకెందుకు పట్టుకుందో చెప్తాను. పోయిన ఏడాది ఆగస్టులో ఆ పరికరం నా రెండున్నర ఎకరాల గుంటలో ఉంది. వారం రోజుల పాటు రోజూ రాత్రి రెండింటికి అలారం. పరుగెత్తిపోయి చేతి మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ 4.8 ఉంటుంది, ఫోను మాత్రం 2.4 అంటుంది. ఊరికే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిప్పి డీజిలు తగలేశాం. ఎనిమిదో రోజుకు కాపలా కుర్రాడు విసుగెత్తి ఫోను సైలెంట్‌లో పెట్టాడు. వాడిని తప్పు పట్టలేను. ఆ రాత్రి మబ్బు పట్టి, గాలి బిగిసిపోయి, నిజంగానే ఆక్సిజన్ పడిపోయింది. తెల్లారగట్ల నేను పోయేసరికి అంచుల వెంబడి రొయ్యలు తలలు పైకిపెట్టి తేలుతున్నాయి. దగ్గర దగ్గర సగం సరుకు పోయింది. మిగిలింది అదే రోజు చిన్న సైజులోనే పట్టేసి అడిగిన రేటుకు ఇచ్చేశాను. పరికరాన్ని పైకి లాగి చూస్తే కొలిచే మూతి మీద పాచీ బురదా కలిసి బంక కట్టి ఉంది. గోటితో గీకితే పొరలా ఊడొచ్చింది. కడిగి మళ్ళీ దించితే చేతి మీటరుతో సరిగ్గా సరిపోయింది.

మేనల్లుణ్ణి అడిగాను. దానంతటదే తుడుచుకునే బ్రష్ డిజైను తయారుగానే ఉందట. పరికరం ఖరీదు పెరుగుతుంది, ముందు భీమవరం వైపు విస్తరించండి, అది తర్వాత చూద్దాం అని బోర్డులో అన్నారట. గుంటలో పాచి ఎంత తొందరగా పడుతుందో తెలిసినవాడు ఒక్కడుంటే ఆ మాట అననిచ్చేవాడా?

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. పేరున్న పదవులతో బోర్డు నింపి, పనికి దగ్గరి మనిషిని బయట ఉంచడం తప్పు. మీరేమంటారు?

ఒంగోలు ఆడిటర్

అన్నా, చదివి చాలా బాధేసింది. ముందు చట్టం సంగతి చెప్తాను. చాలామంది బోర్డు పేజీ చూసి, ప్రభుత్వమేదో పరీక్ష పెట్టి వీళ్ళను ఎంపిక చేసినట్టు అనుకుంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లుంటే చాలు. ఒకరైనా ఏడాదిలో 182 రోజులు మన దేశంలో ఉన్నవాళ్ళు కావాలి. డిగ్రీ అడగరు, అనుభవం అడగరు. కంపెనీతో సంబంధం లేని ఇండిపెండెంట్ డైరెక్టర్లు తప్పనిసరి అన్నది లిస్టయిన కంపెనీలకూ, కొన్ని పెద్ద పబ్లిక్ కంపెనీలకే. మామూలు కంపెనీ ఏడాదికి నాలుగు బోర్డు మీటింగులు పెట్టాలి, గుర్తింపు ఉన్న స్టార్టప్‌కు రెండు చాలు. కాబట్టి ఆ కుర్చీల్లో ఎవరుండాలన్నది వాటాదారులు మాట్లాడుకోవాల్సిన విషయం. డబ్బు పెట్టకముందు అడిగితే వింటారు. పెట్టాక అడిగితే చూద్దాంలే అంటారు.

కానీ గుంట తెలిసిన మనిషి ఉంటే అంతా సర్దుకుంటుందన్న మాట నేను ఒప్పుకోను. 2008లో ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ బోర్డు గుర్తు చేసుకోండి. హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, పెంటియం చిప్‌తో పేరు తెచ్చుకున్న వినోద్ ధామ్, హైదరాబాదు బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్ రామ్మోహనరావు, కేబినెట్ సెక్రటరీగా చేసిన టి.ఆర్. ప్రసాద్. టెక్నాలజీ తెలిసినవాళ్ళున్నారు, పాలన తెలిసినవాళ్ళున్నారు. పాలెపు గారైతే కంపెనీ ఖాతాలను ఎలా చదవాలో పాఠం చెప్పే మనిషి. ఆ డిసెంబరు 16న ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి అదే బోర్డు సరేనంది. ఇన్వెస్టర్లు గోల పెడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలకు, జనవరి 7న సత్యం అధినేత రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖ వచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు.

ఆ డైరెక్టర్లు దొంగలని నేను అనడం లేదు. వాళ్ళ ముందుకు వచ్చిన కాగితాన్ని వాళ్ళు నమ్మారు. అందుకని నేనైతే డైరెక్టరు ఎవరు అన్నదాని కంటే, ఆయన దగ్గరికి సమాచారం ఏ దారిన వస్తోంది అని అడుగుతాను.

నెల్లూరు పీసీఆర్ ల్యాబ్

ఆడిటర్ గారూ, సత్యం లెక్కల మోసం. ఈ రైతన్న అడుగుతున్నది పరికరం పని చేస్తుందా లేదా తెలిసిన మనిషి గురించి. దానికి దగ్గరి ఉదాహరణ అమెరికాలో థెరానోస్. వేలి కొన నుంచి తీసిన చుక్క రక్తంతో పరీక్షలన్నీ చేస్తామన్న కంపెనీ. దాని బోర్డులో విదేశాంగ మంత్రులుగా చేసిన జార్జ్ షుల్ట్జ్, హెన్రీ కిసింజర్, రక్షణ మంత్రిగా చేసిన విలియం పెర్రీ, సైన్యంలో జనరల్‌గా చేసిన జేమ్స్ మాటిస్, ఒక నౌకాదళ అడ్మిరల్. సర్జన్‌గా చేసి సెనేటర్ అయిన బిల్ ఫ్రిస్ట్ లాంటి ఒకరిద్దరు వైద్యం తెలిసినవాళ్ళు ఉన్నారు. రోజూ ల్యాబులో రిపోర్టు మీద సంతకం పెట్టే మనిషి మాత్రం ఆ పెద్ద పేర్లలో లేడు. షుల్ట్జ్ మనవడు ఆ కంపెనీలోనే పనిచేసి, పరీక్షలు సరిగా రావడం లేదని తాతకు చెప్పాడు. తాత నమ్మలేదు. 2015లో వార్తాపత్రికలో వచ్చాకే లోకానికి తెలిసింది. 2022లో కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్‌కు పదకొండేళ్ళు దాటిన జైలుశిక్ష పడింది.

మీ మేనల్లుడిది మోసం కాదు, ఆ రెండింటినీ కలపడం లేదు. నేను రోజూ రొయ్యలకొచ్చే వైట్ స్పాట్, ఈహెచ్‌పీ జబ్బుల పరీక్షలు చేస్తాను. ఏ మిషనైనా కొన్నప్పుడు ఒకలా, ఆరు నెలలకు ఒకలా చూపిస్తుంది. తెలిసిన శాంపిల్ పెట్టి వారం వారం సరిచూసుకోకపోతే అంకె అబద్ధం చెప్తుంది. ఈ భయం ఒంట్లో ఇంకిన మనిషి ఒక్కడు ఆ గదిలో ఉండి తీరాలి. రైతే అయి ఉండాలని లేదు.

కావలి అమ్మాయి, బెంగళూరు

నేను ఇక్కడ ఒక స్టార్టప్‌లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. రెండేళ్ళు బోర్డుకు వెళ్ళే రిపోర్టులు తయారు చేసింది నేనే. అందుకని ఇంకో వైపు నుంచి చెప్పాలి.

బాబాయ్, మీ నష్టానికి బోర్డు వాళ్ళ బ్యాక్‌గ్రౌండ్‌ను కారణం చేయడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఒక్క ప్రశ్న. వారం రోజులు తప్పుడు అలారాలు వచ్చాయన్న సంగతి మీ మేనల్లుడు బోర్డుకు చెప్పాడా? బ్రష్ ఖరీదెంతో చెప్పి ఉంటాడు. బ్రష్ లేకపోతే రైతులు అలారం ఆపేసుకుంటున్నారని చెప్పాడా? స్లైడులో పెట్టని విషయం గురించి ఏ డైరెక్టరూ అడగలేడు, ఆయన రొయ్యల రైతయినా సరే.

రిటైరైన అధికారిని కూడా అంత తేలిగ్గా తీసేయకండి. ఆయన ఏ శాఖలో చేశారో చూడండి. మత్స్యశాఖో విద్యుత్తో అయితే ఆ అనుభవం మీ కంపెనీకి బంగారం. సంబంధం లేని శాఖ అయితే మీ అనుమానం సబబే. ఐటీ ఆయన సాఫ్ట్‌వేర్ టీములను నడిపి ఉంటే వందల గుంటల డేటా ఒకేసారి వచ్చినప్పుడు సిస్టం పడిపోకుండా చూడగలరు. గుంట తెలిసిన మనిషికి సలహాదారుగా చోటిచ్చినా సరిపోతుంది. ఓటు ఉండదు, చట్టపరమైన బాధ్యతా ఉండదు.

ఆడిటర్ గారు సత్యం కథను సగంలో ఆపారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన బోర్డులోనూ పెద్ద పేర్లే. హెచ్‌డీఎఫ్‌సీ దీపక్ పరేఖ్, ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్‌కు అధ్యక్షుడిగా చేసిన కిరణ్ కార్నిక్, తర్వాత సీఏల సంస్థ మాజీ అధ్యక్షుడు టి.ఎన్. మనోహరన్. 2009 ఏప్రిల్ కల్లా టెక్ మహీంద్రా చేతిలో పెట్టి వేల ఉద్యోగాలు నిలబెట్టారు. అనుభవం పనికిరాదని ఎలా అంటాం?

సింగరాయకొండ మేత డీలరు

అమ్మా, సలహాదారు చాలన్నావు. అక్కడే నాకు అభ్యంతరం. ఆ కంపెనీ పరికరం నా దగ్గర కొనే రైతులకు కూడా పెట్టారు. నెల నెలా చందా కట్టాలి. వనామీ రకం రొయ్య వేసిన రైతుకు డబ్బు కనిపించేది మూడు, నాలుగు నెలలకు, పట్టుబడి రోజున. అప్పటిదాకా మేత కూడా నా దగ్గర అప్పే. పంటకూ పంటకూ మధ్య గుంట ఎండగట్టినప్పుడు నీళ్ళే ఉండవు, పరికరం ఎందుకు? రైతు చందా ఆపుతాడు. కంపెనీ వాళ్ళేమో కస్టమర్లు వదిలిపోతున్నారని టెన్షన్ పడి, డిస్కౌంట్లు ఇచ్చి డబ్బు పారబోసుకున్నారు. వదిలిపోలేదు, గుంట ఎండింది, అంతే. పట్టుబడి నాడు ఒకేసారి తీసుకోండని నేను ఇద్దరు ముగ్గురికి చెప్పాను. సలహా అన్నారు, రాసుకున్నారు, అట్టాగే పోయింది. ఓటు ఉన్న మనిషి చెప్తే రాసుకుని వదిలేస్తారా?

ఒంగోలు ఆడిటర్

మీరు చెప్పిన చందా విషయం బోర్డులో గంటసేపు మాట్లాడుకోదగ్గది. ఒక్క జాగ్రత్త. డీలరో, పెద్ద కస్టమరో డైరెక్టరైతే, కమీషన్లు, ధరలు బోర్డు ముందుకొచ్చినప్పుడు ఆయన స్వంత లాభం అడ్డొస్తుంది. చట్టంలో 184 సెక్షన్ అందుకే ఉంది, ముందే రాసిచ్చి తెలియజేయాలి. నిజాయితీ గల మనిషికి కూడా ఈ ఇబ్బంది తప్పదు. మూడేళ్ళ కిందట వ్యాపారం మానేసినవాళ్ళో, మత్స్య కళాశాలలో పాఠం చెప్పి రిటైరైనవాళ్ళో మేలు.

కావలి అమ్మాయి చెప్పిన రెండో బోర్డు సంగతి నిజం. వాళ్ళకు ప్రమోటర్లతో బంధం లేదు, ఆ కుర్చీ వాళ్ళకిచ్చింది ప్రమోటరు కాదు. నా మాట కూడా అదే.

చీమకుర్తి

మాది గ్రానైట్, కంపెనీ అంటే ఇంట్లోవాళ్ళమే. మా నాన్న, ఇద్దరు బాబాయిలు, నేను. ముప్పై ఏళ్ళు బాగానే నడిచింది. ఒక క్వారీ కొనుగోలులో నాన్న తప్పు చేస్తున్నాడని నలుగురికీ తెలుసు, ఒక్కరం నోరు తెరవలేదు. ఇంటి పెద్దకు ఎదురు చెప్పే అలవాటు లేదు మాకు. దాని అప్పు ఇంకా తీరుస్తున్నాం. రైతన్నా, రేపు నిన్నే బోర్డులోకి రమ్మంటే మేనల్లుడితో వద్దురా అనగలవా? ఆలోచించుకుని పో.

కావలి అమ్మాయి, బెంగళూరు

చీమకుర్తి అన్న చెప్పినదానికి తోడుగా ఒకటి. 2023 జూన్‌లో ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ నుంచి పెట్టుబడిదారుల తరఫు డైరెక్టర్లు ముగ్గురూ తప్పుకున్నారు, ఆడిటర్లూ తప్పుకున్నారు. బోర్డులో మిగిలింది బైజు రవీంద్రన్, ఆయన భార్య, ఆయన తమ్ముడు. ఆ తర్వాత స్టేట్ బ్యాంకు మాజీ చైర్మన్‌ను, ఇన్ఫోసిస్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసిన మోహన్‌దాస్ పాయ్‌ను సలహా మండలిలోకి తెచ్చారు. అయినా నిలబడలేదు. డీలర్ గారూ, ఈ ఉదాహరణ రాస్తుంటే మీరన్నది నాకే తగిలింది. సలహాదారు చాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బయటివాళ్ళకు ఓటు ఉండాలి. ఆ ఓటు ఎవరిదన్న దగ్గరే మన తేడా.

విడవలూరు రైతు

రెండు రోజులుగా అన్నీ చదివాను. అమ్మాయ్, నువ్వడిగిన ప్రశ్న పట్టుకుని నిన్న సాయంత్రం నెల్లూరు పోయి మావాడి ముందు కూర్చున్నాను. ఆ మీటింగుకు చూపించిన స్లైడులు తీయమన్నాను. తీశాడు. బ్రష్‌కు పరికరానికి ఎంత ఖర్చో ఉంది. తప్పుడు అలారాల మాట ఎక్కడా లేదు. ఎందుకు పెట్టలేదురా అంటే తల దించుకుని, "పెద్దవాళ్ళ ముందు మన వస్తువు చెడిపోయిందని చెప్పుకోలేకపోయాను మామయ్యా" అన్నాడు. అప్పుడు నాకు వాళ్ళ మీద ఉన్న కోపం సగం పోయింది. వాడి మీద కోపం రాలేదు, జాలేసింది. అన్ని పెద్ద పదవుల ముందు ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లోడు ఇంకేం చేస్తాడు?

అయినా నేను మొదట అడిగినదాన్ని వదులుకోను. గుంట తెలిసిన మనిషి బోర్డులో ఉంటే వాడు ఆ మాట దాచేవాడు కాదు, దాచినా ఆ మనిషి బయటికి లాగేవాడు.

మూడు కోరాను. ఒకటి, ఈ ఫండింగ్‌తో పాటే బోర్డులో ఇంకో రెండు కుర్చీలు వేసి, ఒకటి కంపెనీతోనూ మా కుటుంబంతోనూ సంబంధం లేని అకౌంట్స్ మనిషికి, ఇంకొకటి ఆక్వా తెలిసి ఇప్పుడు వ్యాపారంలో లేని మనిషికి ఇవ్వాలి. నేను మాత్రం ఆ కుర్చీలో కూర్చోను, చీమకుర్తి తమ్ముడు అడిగినదానికి నా దగ్గర ధైర్యమైన జవాబు లేదు. రెండు, రైతుల ఫిర్యాదుల పుస్తకం ఉన్నదున్నట్టుగా ప్రతి మీటింగులో అన్నింటికంటే ముందు చదవాలి. మూడు, ఇప్పుడున్న బయటి డైరెక్టర్లు ముగ్గురూ ఒక రాత్రి మా గట్టు మీద గడపాలి. ఇవి రాసిస్తే పది లక్షలు పెడతాను.

మావాడు అక్కడికక్కడే ముగ్గురికీ ఫోను చేశాడు. రిటైరైన అధికారి గారు వెంటనే ఒప్పుకుని, తెల్లారగట్ల నాలుగింటికే చూడాలా, ముందే రావాలా అని అడిగారు. ఐటీ ఆయన వచ్చే శనివారం వస్తానన్నారు. ఫండ్ మనిషి మాత్రం ఏడుగురి బోర్డు ఇప్పుడే ఎక్కువవుతుందేమో, మావాళ్ళతో మాట్లాడి చెప్తానన్నారు. ఆయన జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.