60 శాతం బ్లాక్: ఎఫ్‌ఎఫ్‌ఆర్-సీటీయా, స్ట్రెస్ ఎమ్మారైయా?

మా నాన్నగారికి 64 ఏళ్లు. మెట్లెక్కితే ఛాతీ బరువుగా ఉంటోందంటే సీటీ కరోనరీ యాంజియో తీయించాం. ఎల్‌ఏడీ (గుండె ముందు భాగానికి రక్తం అందించే ముఖ్య నాళం) మధ్య భాగం 60 శాతం దాకా సన్నబడిందని రిపోర్టు. నాళం ఎంత ఇరుకైందో ఈ స్కాన్ చూపిస్తుంది కానీ, దానివల్ల గుండె కండరానికి రక్తం నిజంగా తగ్గుతోందా లేదా అన్నది చెప్పదట. అది తేలాకే స్టెంట్ మాట అన్నారు డాక్టరుగారు. నాకూ అదే సబబనిపించింది.

ఆయన చెప్పిన దారుల్లో ఒకటి ఎఫ్‌ఎఫ్‌ఆర్-సీటీ. ఇప్పటికే తీసిన స్కాన్ బొమ్మల నుంచే కంప్యూటర్‌తో రక్తప్రవాహాన్ని లెక్కగడతారు. బ్లాక్ దాటాక రక్తపీడనం దాని ముందున్న పీడనంలో ఎంత వంతు మిగులుతుందో చెప్పే ఆ అంకె 0.80 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆ బ్లాక్ ప్రవాహానికి అడ్డుపడుతోందని భావిస్తారు. కానీ నాన్నగారి నాళాల్లో కాల్షియం బాగా పేరుకుంది, అలాంటప్పుడు లెక్క తప్పే అవకాశం ఉందట. రెండోది అడినోసిన్ (గుండె నాళాలను వెడల్పు చేసే మందు) ఇచ్చి, కండరానికి రక్తం ఎలా అందుతోందో చూసే స్ట్రెస్ ఎమ్మారై. రేడియేషన్ ఉండదు, బాగుంది. అయితే ఆయనకు ఆస్తమా. ఆ మందుతో ఆయాసం రావచ్చని విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. (ఆ గొట్టంలో పడుకోవడం ఆయనకు ఎలాగూ ఇష్టం లేదు, అది వేరే గొడవ.)

కాల్షియం ఎక్కువున్నా ఎఫ్‌ఎఫ్‌ఆర్-సీటీ ఎవరికైనా పనికొచ్చిందా? ఆస్తమా ఉన్నవాళ్లకు అడినోసిన్ బదులు డోబుటమైన్ (గుండె వేగంగా, బలంగా కొట్టుకునేలా చేసే మందు) ఇచ్చారా? ఈ రంగంలో ఉన్నవారు, డాక్టరుగారిని మేం ఇంకేం అడగాలో చెప్పినా చాలు.